తిప్పతీగ మందే గాని అంబలి కాదు

(మండల వ్యవసాయాధికారి, బి.యస్సి. అగ్రికల్చర్)

గత వానకాలమున అచ్చంపేట దిక్కున ఒక గ్రామమునకు పత్తి పైరు చూచుటకై పోయినాను. గట్టుమీద నన్ను కలిసిన రైతుకు ఏబది యేండ్ల వయస్సుండును. ఆయన గులాబిరంగు పురుగును గురించి అడుగుచుండగా నా దృష్టి ఆయన కన్నులమీద పడినది. తెల్లగ్రుడ్డు పసుపు రంగుకు తిరిగియున్నది. ఎన్ని దినములనుండి ఇట్లున్నదని అడిగినాను.

"వారం పది దినాలాయె సారూ. అన్నం సయిస్తలేదు. పసిరికలన్నరు. ఐతారం నాడు పసరు పోయించుకుంట" అని చెప్పినాడు.

ఐతారము వరకు ఆగవలదని చెప్పి, ఆయనను, ఆయన భార్యను వెంటబెట్టుకొని ఆ దినమే ఆసుపత్రికి పోయినాను. అక్కడి డాక్టరు మొట్టమొదట అడిగిన ప్రశ్న, "ఏమేమి మందులు వాడుచున్నారు?" అని. "సుగర్ గోలి ఒక్కటే" అని రైతు జవాబు చెప్పినాడు. భార్య అందుకొని, "దినాం పొద్దుగాల తిప్పతీగ కషాయం చెంబెడు తాగుతడు గద, మూడు నెలలాయె" అన్నది. దానికాయన, "అది మందెట్లయితది? చెట్టుది గద" అన్నాడు.

నేనీ వ్యాసము వ్రాయుటకు ఆ ఒక్క మాటయే కారణము. డాక్టరు రక్తపరీక్షలు చేయించినాడు. కామెర్లకు సామాన్యముగా కారణమగు వైరసులేవియు అందులో కనబడలేదు. కషాయము పూర్తిగా మానివేయుమని చెప్పి, అవసరమైన చికిత్స చేసినాడు. కొన్ని వారములకు ఆ రైతు కోలుకొని మరల చేనికి వచ్చినాడు. ఆ కషాయమే కారణమని తీర్పు చెప్పుటకు నేను వైద్యుడను కాను. కాని భార్య వెంట రాకపోయిన యెడల డాక్టరుకు ఆ సంగతి తెలిసియుండెడిది కాదు. ఆయన ఇంటికి పోయి మరల కషాయము త్రాగియుండెడివాడు. ఆపైన ఐతారమునాడు పసరు కూడ త్రాగియుండెడివాడు. దెబ్బ తగిలిన కాలేయముపై మరి రెండు దెబ్బలు పడియుండెడివి.

వైద్యము నా వృత్తి కాదు. మొక్కను గుర్తించుట, మందునకు మోతాదు చెప్పుట, ఎప్పుడు వాడవలెను ఎప్పుడు మానవలెను అని చెప్పుట నా వృత్తి. ఆ హద్దులో నిలిచియే ఈ నాలుగు మాటలు రైతు సోదరులకు, గ్రామాధికారులకు మనవి చేయుచున్నాను.

తీగకు గల గౌరవము

తిప్పతీగను కించపరచుట నా ఉద్దేశము కాదు. నల్లగొండ, మహబూబునగరు జిల్లాల మెట్టభూములలో ఈ తీగ అల్లుకొనని వేపచెట్టున్న ఊరు అరుదు. నల్లమల అడవిలో అమ్రాబాదు, మన్ననూరు దిక్కున కూడ ఇది చెట్టు చెట్టుకు కనబడును. సంస్కృతమున దీనిని గుడూచి యనియు అమృత యనియు పిలిచినారు. హిందీలో గిలోయ్ అందురు. కాడను కోసి కొమ్మపై వ్రేలాడదీసినను ఎండిపోక, సన్నని దారముల వంటి వేళ్ళను క్రిందికి దింపి, మరల చిగురించును. అట్టి మొక్కకు అమృతమను పేరు తగియే యున్నది.

ఆయుర్వేదమున దీనిని జ్వరములకు, ఆకలి మందగించినపుడు, మధుమేహమునకు ఇతర మందులతో కలిపి ఇచ్చుట చిరకాలముగా కలదు. ఇది రక్తములోని చక్కెరను తగ్గించుననియు, శరీరములోని రోగనిరోధక కణములను ఉత్తేజపరచుననియు ప్రయోగశాలలలోను, జంతువులపైనను జరిగిన పరిశోధనలు తెలుపుచున్నవి. మనుష్యులపై జరిగిన పరీక్షలు మాత్రము చిన్నవి. ఏది యెట్లున్నను, శరీరముపై పనిచేయు శక్తి ఈ తీగకు కలదనుటలో సందేహము లేదు. శక్తి గలది కాబట్టియే ఇది మందైనది. శక్తి గలది కాబట్టియే జాగ్రత్త కావలెను. పనిచేయు వస్తువు ఎప్పుడును మేలే చేయును, కీడు ఎన్నడును చేయదు అని నమ్ముట తర్కమునకు నిలువదు.

మందు వచ్చినది, పథ్యము రాలేదు

2020 సంవత్సరమున కరోనా వ్యాపించినపుడు ఈ తీగ పేరు దేశమంతట మారుమ్రోగినది. ఆ సంవత్సరము అక్టోబరులో కేంద్ర ఆయుష్ మంత్రిత్వశాఖ ప్రకటించిన చికిత్సా పద్ధతిలో గుడూచికి స్థానము కలదు. అయితే ఆ కాగితములో ఏమున్నదో చూడుడు. 500 మిల్లీగ్రాముల గుడూచీ ఘనవటి రోజుకు రెండుసార్లు, లేక 1 నుండి 3 గ్రాముల చూర్ణము గోరువెచ్చని నీటితో, 15 దినములు లేక ఒక నెల, లేదా ఆయుర్వేద వైద్యుడు చెప్పినట్లు అని యున్నది. అనగా ఎంత తీసికొనవలెనో అందులో కలదు. ఎన్ని దినములు తీసికొనవలెనో కూడ కలదు.

ఈ సంగతి సెల్‌ఫోను సందేశములుగా మారి మన పల్లెలకు వచ్చునప్పటికి తీగ పేరు మాత్రమే మిగిలినది. గ్రాములు పోయినవి, దినములు పోయినవి, వైద్యుడు పోయినాడు. "రోజూ పరగడుపున త్రాగుడు, ఏ రోగము రాదు" అను మాట మిగిలినది. వ్యాధి తగ్గుముఖము పట్టిన తరువాత కూడ ఆ అలవాటు కొన్ని ఇండ్లలో నిలిచిపోయినది. జానెడు కాడను దంచువారు కొందరు, మూరెడు కాడను దంచువారు కొందరు. కొలత లేదు, గడువు లేదు.

మన పెద్దల పద్ధతి ఇట్టిది కాదు. మన్ననూరు దిక్కున ఒక చెంచు పెద్దాయనను ఈ విషయమే అడిగినాను. ఆయన నవ్వి, "జొరమొస్తే మూడొద్దులు ఇస్తం సారూ. జొరం తగ్గినంక కాడ అవుతల పడేస్తం. దినాం తాగితే అది మందెట్లయితది, అంబలి అయితది గాని" అన్నాడు. అడవిలో పుట్టి పెరిగిన ఆ పెద్దాయనకు తెలిసిన కట్టుబాటును చదువుకొన్న మనము మరచిపోయినాము. కావున పాత పద్ధతిని నేను తప్పు పట్టుట లేదు. పాత పద్ధతిలో సగము మాత్రమే పట్టుకొని, దానికే సంప్రదాయమని పేరు పెట్టుటను తప్పు పట్టుచున్నాను.

వైద్యులు గమనించిన సంగతులు

2020 సెప్టెంబరు, డిసెంబరు మాసముల మధ్య బొంబాయిలోని వైద్యులు తిప్పతీగను వాడినవారిలో ఆరుగురికి కాలేయము దెబ్బతినుటను గమనించి, 2021లో ఆ వివరములను ప్రకటించినారు. అంతకుముందే కాలేయ వ్యాధి ముదిరియున్న ఒకరు మరణించినారు. ఆయుష్ మంత్రిత్వశాఖ ఈ నివేదికను అంగీకరింపలేదు. రోగులు వాడినది నిజముగా తిప్పతీగయేనా యని సరిగా నిర్ధారింపలేదనియు, అదే జాతిలో చూపునకు దగ్గరగా నుండు వేరొక తీగ కావచ్చుననియు చెప్పినది.

తరువాత 2022లో హైదరాబాదు వైద్యులు ముందు నిలిచి, దేశములోని 13 ఆసుపత్రుల నుండి సేకరించిన 43 మంది రోగుల వివరములను ప్రకటించినారు. తీగను వాడుట మొదలుపెట్టిన నాటి నుండి జబ్బు లక్షణములు కనబడుటకు వారిలో నడిమి లెక్కన 46 దినములు పట్టినది. సగముకన్న ఎక్కువమందిలో, శరీరము తన కాలేయముపై తానే దాడిచేయు స్వభావమునకు గుర్తులు కనబడినవి. అట్టి స్వభావము లోపల దాగియున్నవారిలో రోగనిరోధక శక్తిని ఉత్తేజపరచు ఈ తీగ ఆ దాడిని రేపినదని వైద్యుల అభిప్రాయము.

ఈ రెండు పక్షముల వాదములో ఎవరిది ఒప్పు అని పల్లెలోని రైతు తేల్చవలసిన పని లేదు. వైద్యుల మాట నిజమైనచో తీగను మోతాదు లేక, గడువు లేక వాడరాదు. మంత్రిత్వశాఖ మాట నిజమైనచో తీగను సరిగా గుర్తింపక వాడరాదు. ఏ పక్షము గెలిచినను మనము చేయవలసిన పని ఒక్కటే: గుర్తించి, కొలిచి, దినములు లెక్కపెట్టి వాడవలెను.

దీనిని వాడినవారు అసంఖ్యాకులు, హాని పొందినవారు కొద్దిమంది యని ఒకరు అనవచ్చును. అది నిజమే. కాని ఆ కొద్దిమందిలో తానుండునో లేడో ముందుగా ఎవనికిని తెలియదు. నొసటిమీద వ్రాసియుండదు.

జొన్న చెప్పు పాఠము

చెట్టునుండి వచ్చినదంతయు నిరపాయమను నమ్మకము ఇతరులకుండిన ఉండవచ్చును గాని, మహబూబునగరు రైతుకు ఉండరాదు. ఏలయన మన జొన్నయే ఈ పాఠమును ఏటేట చెప్పుచున్నది. పండిన జొన్న మనకు రొట్టె, దాని చొప్ప ఎద్దుకు మేత. అదే జొన్న లేతగా నుండి వానలేక బెట్టకు వడలినపుడు, లేక కోసిన మోడునుండి పిలకలు వేసినపుడు, దానిని మేసిన పశువు కొద్దిసేపటిలో కూలిపోవును. ఆ లేత పైరులో హైడ్రోసయనిక్ ఆమ్లము పుట్టును. మన పెద్దలు దానినే నాము అన్నారు. మొక్క ఒక్కటే. వయస్సు మారినది, పరిమాణము మారినది, మేత విషమైనది.

గట్టుమీది గురువింద గింజను చూడుడు. ఉమ్మెత్త కాయను, పచ్చగన్నేరు పప్పును, అడవిలోని ముష్టి గింజను చూడుడు. ఇవన్నియు చెట్లవే. ఏ కార్ఖానాలోను తయారైనవి కావు. మనిషి ప్రాణము తీయుటకు మాత్రము చాలును. కావున ఒక వస్తువు చెట్టుదా, సీసాలోనిదా అని అడుగుట సరియైన ప్రశ్న కాదు. ఎంత, ఎన్నాళ్ళు, ఎవరికి అని అడుగుట సరియైన ప్రశ్న.

చెట్టు మందునకు కూడ ఒక చీటీ కావలెను

పురుగుమందు డబ్బా కొనునపుడు దానిపై త్రికోణపు గుర్తును చూడుమని మేము రైతులకు చెప్పుచుందుము. ఎరుపు అత్యంత విషము, పసుపు అధిక విషము, నీలము మధ్యరకము, ఆకుపచ్చ తక్కువ విషము. దాని ప్రక్కనే మోతాదు, ఏ పైరుకు కొట్టవలెను, ఎన్ని దినములు ఆగి కోయవలెను అని వ్రాసియుండును. తిప్పతీగపై ప్రకృతి అట్టి చీటీ అంటింపలేదు. దానిని మనమే మనస్సులో అంటించుకొనవలెను. ఆ చీటీలో ఐదు సంగతులుండవలెను.

మొదటిది, గుర్తు. తిప్పతీగ ఆకు తమలపాకువలె హృదయాకారమున నుండి నునుపుగా నుండును. కాడపై పలుచని కాగితమువంటి బూడిదరంగు పొర యుండును. దానిని గోటితో తీసినచో లోపల పచ్చగా కనబడును. కాడను అడ్డముగా కోసిన బండిచక్రపు ఆకులవలె గీతలు కనబడును. పండ్లు గుండ్రముగా, ఎర్రగా ఉండును. కాడపై బుడిపెలు లేచియున్నను, కోసినపుడు పాలు కారినను అది వేరు తీగయని తలచి విడిచిపెట్టవలెను. ఆకు అడుగున నూగుండునది కూడ వేరు జాతియే. ఏమాత్రము అనుమానమున్నను వ్యవసాయ విస్తరణాధికారికి ఆకు, కాడ, పండు మూడును చూపి అడుగుడు. ఫోనులో వచ్చిన బొమ్మను చూచి కోయవలదు.

రెండవది, మోతాదు. చెంబు, గుప్పెడు, మూరెడు అనునవి కొలతలు కావు. ఆయుర్వేద వైద్యుని అడిగి, ఆయన చెప్పిన తూకమునే వాడవలెను. అంగడిలో చూర్ణము కొన్నచో లైసెన్సు సంఖ్య, బ్యాచి సంఖ్య, తయారైన తేదీ లేని పొట్లమును ముట్టరాదు.

మూడవది, గడువు. ఎన్ని దినములు వాడవలెనో మొదటి దినముననే నిర్ణయించుకొని, గోడకున్న క్యాలెండరుపై గుర్తు పెట్టుకొనవలెను. ఆ దినము వచ్చినపుడు ఆపివేయవలెను. ఏ జబ్బు లేనివాడు ఏండ్ల తరబడి త్రాగవలసిన మందు ఏదియు లేదు.

నాలుగవది, ఎవరికి తగదు. కాలేయ వ్యాధి ఉన్నవారు, సారాకు అలవాటుపడినవారు, కీళ్ళవాతము, థైరాయిడు వంటి వ్యాధులకు చికిత్స పొందుచున్నవారు, అవయవ మార్పిడి జరిగినవారు, గర్భిణీలు, బాలింతలు వైద్యుని అడుగక దీనిని ముట్టరాదు. చక్కెర వ్యాధికి గోలీలు వాడువారు రెండును కలిపి వాడిన, రక్తములోని చక్కెర ఉండవలసినదానికన్న క్రిందికి దిగి కండ్లు తిరిగి పడిపోవు ప్రమాదము కలదు. చేనిలో ఒంటరిగా పనిచేయు రైతుకు ఇది చిన్న ప్రమాదము కాదు.

ఐదవది, ఎప్పుడు మానవలెను. కన్నులు పచ్చబడుట, మూత్రము ముదురు రంగుకు తిరుగుట, ఆకలి చచ్చిపోవుట, వాంతి, ఒళ్ళంతా దురద, ఎన్నడు లేని నీరసము, ఇందులో ఏది కనబడినను కషాయమును ఆ పూటయే ఆపి ఆసుపత్రికి పోవలెను. పోయి, త్రాగిన సంగతి డాక్టరుకు దాచక చెప్పవలెను. వీలైన కాడ ముక్కను, చూర్ణపు పొట్లమును వెంట తీసికొనిపోవలెను. కామెర్లు కనబడినపుడు పసరు కొరకు పరుగెత్తుట మన ప్రాంతమున పాత అలవాటు. ఏ ఆకు పసరో తెలియనిదానిని దెబ్బతిన్న కాలేయముపై పోయుట, కాలిన పైరుపై మరల మందు కొట్టుటవంటిది.

పత్తి గట్టుమీది తీగను కోయకుడు

ఈ సంగతి డాక్టరుకు తోచకపోవచ్చును. వ్యవసాయాధికారిగా నేను చెప్పక తప్పదు. మన రెండు జిల్లాలలో పత్తి విస్తారముగా సాగగుచున్నది. పత్తిపై కొట్టిన మందు గాలికి తేలి గట్టుమీది వేపపై, దానిని అల్లుకొన్న తిప్పతీగపై పడుచున్నది. గట్టుమీది గడ్డి చచ్చుటకు కలుపుమందు కొట్టువారు కూడ కలరు. పురుగుమందులలో కొన్ని అంతర్వాహిక మందులు. అవి ఆకుపై నిలువక కాడలోనికి దిగును. నీటితో కడిగినను పోవు. కాచినచో పూర్తిగా పోవునను నమ్మకము కూడ లేదు. ఆరోగ్యము కొరకు త్రాగు కషాయములో ఏ మందు ఎంత దిగినదో ఎవరు చెప్పగలరు?

కావున పత్తి, మిరప చేల గట్లపైనుండి, రహదారుల అంచులనుండి తీగను కోయరాదు. కావలసినవారు పెరటి వేపక్రింద పెంచుకొనుట మేలు. జూన్, జూలై మాసములలో రెండు కణుపులు గల జానెడు ముక్కను నాటిన చాలును. వేరే పోషణ అక్కరలేదు. కోయునపుడు ముదిరిన కాడనే తీసి, మొదలును విడిచిపెట్టవలెను. అడవినుండి తెచ్చి అమ్ముకొను చెంచు సోదరులకు కూడ ఇదే మనవి. మొదలంట పెరికిన తీగ వచ్చే యేడు కూలి ఇవ్వదు.

గ్రామాధికారులకు మనవి

కొందరు మిత్రులు నాతో, "ఇట్టివి వ్రాసినచో జనులకు మన వైద్యముపై నమ్మకము పోవును" అన్నారు. నా అభిప్రాయము దీనికి భిన్నము. పురుగుమందునకు మోతాదు చెప్పినందువలన రైతుకు మాపై నమ్మకము తగ్గలేదు, పెరిగినది. మన మూలికలకు కూడ అట్లే జరుగును. హాని చెప్పని మందునే జనులు ఒకనాడు పూర్తిగా విడిచిపెట్టుదురు. హద్దు చెప్పిన మందు నిలుచును.

పంచాయతీ కార్యదర్శులు, వ్యవసాయ విస్తరణాధికారులు, ఆశా కార్యకర్తలు కలిసినచో ఈ పని కష్టము కాదు. పైన చెప్పిన ఐదు సంగతులను పెద్ద అక్షరములతో వ్రాసి రైతు వేదిక గోడకు అంటించుడు. గ్రామ నర్సరీలో ఔషధ మొక్కలు పెంచి పంచునపుడు మొక్కతోబాటు ఈ చీటీని కూడ ఇండ్లకు పంపుడు. ఇంటింటికి తిరుగు ఆశా కార్యకర్త "మందులేమైన వాడుచున్నారా?" అని మాత్రమే అడుగక, "కషాయము, పసరు, చూర్ణము ఏదైన త్రాగుచున్నారా?" అని విడిగా అడుగవలెను. మొదటి ప్రశ్నకు మన రైతు లేదనియే చెప్పును. అతడు అబద్ధమాడుట లేదు. అతని లెక్కలో చెట్టుది మందు కాదు. ఏ మందువలననైన హాని జరిగినట్లు తోచినచో 1800-180-3024 అను ఉచిత ఫోను నంబరుకు తెలుపవచ్చును. వైద్యులే కాక ఎవరైనను తెలుపవచ్చును.

ఆ రైతు మొన్న రైతు వేదికకు వచ్చినాడు. కన్నులు తెల్లగా ఉన్నవి. ఆయన పెరటిలోని తిప్పతీగను కొట్టివేసినావా యని అడిగినాను. "ఎందుకు కొడత సారూ, ఉండనీ. జొరమొస్తే డాక్టరునడిగి తాగుత. అంబలైతే ఇంట్ల ఉండనే ఉండె" అన్నాడు. నేను ఇంతసేపు చెప్పినదంతయు ఆయన ఆ రెండు ముక్కలలో చెప్పినాడు. మీరును మీ ఇరుగుపొరుగు వారికి అట్లే చెప్పుదురని ఆశించుచున్నాను.